ఊదిన నీళ్ళు

పొద్దు గూకే వేళకి మా పేట మసీదు ముందు ఆడవాళ్ళం నిలబడేవాళ్ళం. చంకలో పిల్లాడు, చేతిలో నీళ్ళ సీసా. లోపల నమాజు ముగించుకుని, చెప్పులు తొడుక్కుంటూ సాయిబులు ఒక్కొక్కరే బయటికి వచ్చేవారు. వచ్చినవాళ్ళు మా ముందు కాస్త ఆగి, పెదాలు కదుపుతూ ఏదో చదువుకుని, పిల్లల మొహం మీద "ఉఫ్" మని ఊది, సీసా మూతి దగ్గర కూడా అలాగే ఊది తమ దారిన పోయేవారు. ఎవరూ ఏమీ పుచ్చుకునేవారు కారు, ఎవరి పిల్లలని అడిగేవారూ కారు. నిలబడ్డవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. మెడలో సిలువ గొలుసు ఉన్నవాళ్ళు కూడా ఉండేవారు. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన వాళ్ళెవరైనా దీన్ని వింతగా చూస్తే నాకు వాళ్ళే వింతగా కనబడేవారు. పిల్లాడు దడుచుకుంటే మరి ఇంకెక్కడికి తీసుకెళ్తారు?

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నాది తాడేపల్లిగూడెమే గానీ, పుట్టింది కొల్లేటికోటలో. చిన్నప్పుడు దోనె మీంచి జారి కొల్లేటి నీళ్ళలో, తూటాకు తీగల మధ్య పడ్డాను. నన్ను బయటికి లాగారు గానీ, ఆ తర్వాత నిద్రలో ఉలిక్కిపడి అరిచేదాన్నట. మా అమ్మ నన్ను ఏలూరు మసీదుకి తీసుకెళ్తానని బయల్దేరింది. మా నానమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "అమ్మవారు ఇంటి ముందే ఉండగా సాయిబుల ఊదుడు ఎందుకే నీకు?" అంది. "అమ్మవారికి కొబ్బరికాయ కొట్టే వెళ్తున్నానండీ. మందు ఏ కొట్లో దొరికితే ఆ కొట్లోకే కదండీ వెళ్ళాలి!" అంది మా అమ్మ. ఆవిడకి దేవుళ్ళ మధ్య తగువులుంటాయన్న ఆలోచనే లేదు. తగువులన్నీ అత్తాకోడళ్ళకే ఉంటాయనుకునేది.

అలాగని మేమంతా అన్నదమ్ముల్లా ఒకే కంచంలో తిన్నామని కోతలు కొయ్యను. ఆ మాటలు మీటింగుల్లో చెప్పుకోవడానికి బాగుంటాయి. మా వీధిలో సాయిబులకి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కారు. వాళ్ళింట్లో మేం మంచినీళ్ళు తాగేవాళ్ళం కాము. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, చదివింపులిచ్చి, భోజనం దగ్గర మాత్రం ఏదో వంక చెప్పి వచ్చేసేవాళ్ళం. ఇవన్నీ నిజమే. కానీ మా కడుపున పుట్టినవాడి మొహం మీద, అంత దగ్గరగా, వాళ్ళ నోటి గాలి తగలనిచ్చేవాళ్ళం. ఆ నీళ్ళు ఇంటికి తెచ్చి చెంచాతో పట్టించేవాళ్ళం. ఎంత దూరం పెట్టినా అక్కడ ఒక చిన్న తలుపు తెరిచి ఉండేది. ఆ తలుపు ఎలా మూసుకుపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు కోపం ఇంకా చల్లారలేదు, అది ముందే చెబుతున్నాను.

ఊదేవాళ్ళందరిలోకీ మాకు నచ్చినవారు సోడా తాతగారు. మసీదుకి నాలుగడుగుల్లో, ఉల్లిపాయల మార్కెట్టు మలుపులో ఆయన గోలీసోడా బండి ఉండేది. గళ్ళ లుంగీ, తెల్ల టోపీ, భుజం మీద ఎప్పుడూ తడిగా ఉండే తువ్వాలు. మిగతావాళ్ళు ఊదేసి పోతే, ఈయన పిల్లాడితో ముందు నాలుగు కబుర్లు చెప్పేవారు. "ఏరా అబ్బాయ్, నిన్న మీ నానమ్మని కొట్టావంట?" అనేవారు. మా మనవడికి అప్పుడు మూడేళ్ళు కూడా నిండలేదు. పక్కింటి కుక్క మీదికి దూకబోయిందని దడుచుకుని, వారం పాటు ఒళ్ళు వెచ్చగా ఉండి, చీకటి పడితే చాలు నా కొంగు వదిలేవాడు కాడు. అప్పుడే మొదలయింది వాడికీ ఆయనకీ స్నేహం. ఆయన చదువుతున్నంతసేపూ వీడు కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పైకెత్తి కాచుకుని ఉండేవాడు. గాలి తగలగానే కిలకిలా నవ్వేవాడు. జ్వరం పోయింది గానీ అలవాటు పోలేదు. సాయంత్రమైతే "ఉఫ్ తాత దగ్గరికి" అని ఒకటే గోల.

ఆ నవ్వు చూసి ముచ్చటపడే మా కోడలు ఒకరోజు ఫోను తీసింది. వాళ్ళ పుట్టిల్లు ఉంగుటూరు దగ్గర. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేక, మనవణ్ణి చూడాలని ఫోనులో కొట్టుకుపోతూ ఉండేది. ఈ పిల్ల వీడియో తీసి తల్లికి పంపింది, మా కుటుంబం గ్రూపులో కూడా పెట్టింది. అందులో నేను నా ఆకుపచ్చ చీరలో, మొహం పక్కకి తిరిగి, సీసా పట్టుకుని ఉన్నాను. తాతగారు వంగి ఊదుతున్నారు. మావాడు నవ్వుతున్నాడు. మా ఆయన అక్కయ్యలూ చెల్లెళ్ళూ అందరూ దణ్ణాల బొమ్మలూ పువ్వుల బొమ్మలూ పెట్టారు. ఆ రోజు మేమంతా ఎంత సంతోషపడ్డామో!

తర్వాత వారమో, పదిరోజులో. శనివారం భజనకి కలిసే ఒకావిడ నాకో వీడియో పంపింది. తెరిచి చూస్తే నా చీర. నా గాజులు. నా చేతిలో సీసా. కానీ అందులో మాట లేదు, నవ్వు లేదు, చదువు లేదు. శబ్దం తీసేశారు. బొమ్మని నెమ్మదిగా నడిపించారు. తాతగారి పెదాలు గుండ్రంగా ముడుచుకుని, సీసా మూతి మీదికి వంగి, అలా వంగుతూనే, వంగుతూనే ఉన్నట్టు కనబడింది. మావాడి మొహం దగ్గరికి వచ్చేసరికి కోసేశారు. కింద ఎర్రటి అక్షరాలు. మన ఆడవాళ్ళకి ఉమ్మిన నీళ్ళు తాగిస్తున్నారు, మేలుకోండి అని. ఇంకా ఏమేమో.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఒకళ్ళ మాట ఒకళ్ళకి కలపడమే నా ఉద్యోగం. మధ్యలో లైను తెగితే, ఆ సగం మాటతో అవతలివాళ్ళు ఎంత కంగారుపడతారో నాకు తెలుసు. చావు కబుర్లు సగం విని పెళ్ళిళ్ళు ఆపుకున్నవాళ్ళున్నారు. అయినా అది వైరు తెగడం. ఇది కావాలని కొయ్యడం. ఛీ, ఎవడు చేశాడో గానీ వాడి చేతులు పడిపోను!

వెంటనే భజన ఆవిడకి ఫోను చేశాను. "ఏవండీ, ఆ వీడియోలో ఉన్నది నేనండీ. ఆయన ఉమ్మలేదు, ఊదారు. మీరూ మీ మనవరాలిని తెచ్చారు కదండీ, నా పక్కనే నిలబడ్డారు!" అన్నాను.

"అవుననుకోండి," అందావిడ, మెల్లిగా. "కానీ మనకి తెలీకుండా ఏం చేశారో ఎవరు చూశారండీ? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

నిప్పు ఎక్కడుందో నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉంది. మా ఇంటి గ్రూపులోంచే అది బయటికి వెళ్ళింది. కోడలు ఆ మాట విని గోడకి జారబడి కూర్చుంది. "నేనేగా తీశానత్తయ్యా, నేనేగా" అంటూ ఏడుపు. ఊరుకోవే, ముచ్చటపడి తియ్యడం తప్పా అని నేను. మా ఆయన పేపరు మడిచి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఆయనే చెప్పుకుంటాడు లెద్దూ" అన్నారు. కందకి దురద ఎందుకు లేదు? ఆయన బండి దగ్గర నిలబడేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. మార్కెట్టులో మూటలు మోసేవాళ్ళు, దాహమేస్తే పరిగెత్తుకొచ్చేవాళ్ళు, ఇప్పుడు బండిని చూసి రోడ్డు దాటి పోతున్నారు. ఒక కుర్రాడు సోడా కొట్టించుకుని, తాగకుండా ఆయన ఎదురుగానే మురిక్కాలవలో పారబోశాడట. ఆయన బుడ్డి కడిగి మళ్ళీ వరసలో పెట్టుకున్నారట.

నేను కావాలని మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా వెళ్ళి ఆ బండి దగ్గర నిలబడి నిమ్మకాయ సోడా తాగాను. "మీకు పన్లేదామ్మా, ఎండలో?" అన్నారాయన. నవ్వబోయి మానుకున్నారు. "వాళ్ళకి నేను చెబుతానండీ" అన్నాను. "ఎవరికని చెబుతారమ్మా? మొహాలుంటే కదా చెప్పడానికి!" అన్నారు.

ఇంతలో వినాయకుడి ఊరేగింపు వచ్చింది. ఏటా ఆ ఊరేగింపు మసీదు ముందునుంచే వెళ్తుంది. నమాజు వేళయితే డప్పులు కాసేపు ఆపేవారు. అయ్యేదాకా కుర్రాళ్ళు తాతగారి బండి చుట్టూ చేరేవాళ్ళు. బొమ్మ మోసేవాళ్ళకి ఆయన నమాజు నుంచి రాగానే సోడాలు ఊరికే కొట్టి ఇచ్చేవారు. "మీ దేవుడి బొజ్జకి మా సోడా అయితేనే అరుగుతుందిరా" అని వేళాకోళం ఆడేవారు. ఆ ఏడాది పెద్ద పెద్ద స్పీకర్ల లారీ మసీదు గుమ్మానికి ఎదురుగా వచ్చి ఆగింది. పాట ఆపలేదు. సౌండు ఇంకా పెంచారు. మా మేడ మీంచి నాకు అంతా కనబడుతోంది. మనవడు నా పక్కనే, పిట్టగోడ దగ్గర ఉన్నాడు. పాట గుళ్ళో పాడుకునేదే, మా భజనలోనూ పాడతాం. ఆ పాటని అలా ఎవరి మొహం మీదో విసురుతుంటే వినడం నాకదే మొదటిసారి.

ఎవరో "ఉమ్ము సోడా!" అని అరిచారు. పదిమంది అందుకున్నారు. బండి ఒరిగింది. బుడ్ల పెట్టె రోడ్డు మీద పడి పగిలిన చప్పుడు లారీ చప్పుడులోంచి కూడా వినబడింది. ఆ తర్వాత ఎవడు ముందు, ఎవడు వెనక అని నేను చెప్పలేను. సాయిబుల కుర్రాళ్ళు కూడా తక్కువ తినలేదు. మసీదు పక్క మేడమీంచి రాళ్ళు వచ్చాయి. బొమ్మ మోస్తున్న పిల్లాడొకడు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. వాడు మా పాలవాడి కొడుకు. ఇటువైపు వాళ్ళూ అటువైపు వాళ్ళూ ఆయన బుడ్లే ఏరుకుని విసురుకున్నారు. తాతగారు బండిని నిలబెట్టాలని దాని చక్రం పట్టుకుని వంగి ఉన్నారు. ఒక బుడ్డి నేరుగా వచ్చి ఆయన నోటి మీద తగిలింది. నేను చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే కనబడుతుంది. మావాడు పక్కనుంచి ఒక్క కేక వేసి నా కాళ్ళని చుట్టేసుకున్నాడు.

పోలీసులు వచ్చారు. షాపులు మూశారు. పాల ప్యాకెట్ల కోసం కూడా భయపడుతూ వెళ్ళాల్సి వచ్చింది. మర్నాడు ఇంకో వీడియో. సాయిబులు ముందే సోడా బుడ్లు పోగేసి పెట్టుకున్నారని. సోడా బండిలో సోడా బుడ్లు కాక మరేం ఉంటాయిరా, మీ మొహాలు మండ!

నేను ఊరుకోలేకపోయాను. ఆ వీడియో మా గ్రూపులోంచి ఎవరు పంపారో కనుక్కున్నాను. పెద్ద కష్టపడలేదు, మా ఆయన మేనల్లుడు అడగ్గానే ఒప్పుకున్నాడు. ఏలూరులో చేపల చెరువులకి మేత అమ్ముతాడు. మంచివాడే. నాకు ఒంట్లో బాగోకపోతే కారేసుకుని వచ్చేవాడు. బస్సెక్కి వెళ్ళాను. కొట్లో మేత బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "రా అత్తా, రా, ఫోను చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

"ఎవడు కోశాడ్రా దాన్ని?" అన్నాను, కూర్చోకుండానే.

"నేను కొయ్యలేదత్తా, ఒట్టు. మా భక్తి గ్రూపులో పెట్టానంతే. మా అత్త ఇంకా సాయిబుల చేత ఊదించుకుంటోంది చూడండ్రా అని నవ్వులాటకి పెట్టాను. అందులో ఎంతమంది ఉంటారో నాకే తెలీదు."

"శబ్దం లేకుండా తిరిగొచ్చినప్పుడు చూశావా?"

తల దించుకున్నాడు. "చూశాను."

"అది మా అత్త, ఆయన ఊదాడు, ఉమ్మలేదు అని అప్పుడు రాశావా ఆ గ్రూపులో?"

"ఎలా రాస్తానత్తా? అందులో నాకు సరుకు కొనేవాళ్ళే సగం మంది. నన్ను కూడా ఆ పక్కవాడంటారు."

"శాంతి కమిటీ మీటింగు పెడుతున్నారు మా ఊళ్ళో. వచ్చి ఈ మాట చెప్పు. ఆయన పేరు నిలబడాలిరా. నోరు పోయింది, పేరైనా ఉండాలి కదా."

వాడు లోపలికి వెళ్ళి కవరు తెచ్చాడు. బతికున్న కొరమేను, కవరులో కొట్టుకుంటోంది. "తీసుకెళ్ళత్తా, మావయ్యకి ఇష్టం" అన్నాడు. ఆ కవరు వాడి గల్లాపెట్టె మీదే వదిలేసి వచ్చేశాను. దారంతా కాలవ గట్టున వరిచేలు పచ్చగా ఉన్నాయి. వాటిని చూస్తే కూడా నాకు ఒళ్ళు మండింది.

మీటింగు కల్యాణమండపంలో పెట్టారు. ముందు వరసలో ఆఫీసరు గారు, గుడి కమిటీ పెద్దలు, మసీదు కమిటీ పెద్దలు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో మేము. ఆడవాళ్ళం ఇద్దరమే, నేనూ నా కోడలూ. అందరూ లేచి, అన్ని మతాలూ శాంతే చెబుతాయండి అన్నారు. ఒకరి తర్వాత ఒకరు అదే మాట. అది విని విని నాకు చిరాకు పుట్టింది. ఊరేగింపులో అరిచినవాళ్ళూ దేవుడి పేరే అరిచారు, మేడ మీంచి రాళ్ళేసినవాళ్ళూ దేవుడి పేరే అరిచారు. మతం ఏం చెబుతుందో కాదు, ఆ రోజు దాన్ని ఎవడి చేతిలో పెట్టామో అది మాట్లాడండి అనిపించింది.

నేను లేచాను. మైకు అడిగాను. "అందరూ చూసిన ఆ వీడియోలో ఉన్న ఆకుపచ్చ చీర మనిషిని నేనేనండీ. ఇది నా కోడలు, తీసింది ఇదేనండీ. అసలుది దీని ఫోనులో ఇంకా ఉంది. వినండి" అని, ఫోను మైకు దగ్గర పెట్టి నొక్కాను.

మండపమంతా వినబడింది. ముందు రోడ్డు మీద ఆటో వెళ్ళిన చప్పుడు. తర్వాత తాతగారి గొంతు, సన్నగా, చదువుతూ. "ఏరా అబ్బాయ్, రెడీనా?" అనడం. "ఉఫ్" అనడం. వెంటనే మావాడి నవ్వు. వాడు నవ్వుతూనే "ఇంకోసారి" అన్నాడు. ఆయన ఇంకోసారి ఊదారు. నా గొంతు కూడా ఉంది అందులో: "చాల్లెండి తాతగారూ, వీడికి ఆటైపోయింది" అంటున్నాను. అంతే.

మసీదు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా గుడి పూజారిగారు ఉన్నట్టుండి, "ఇందులో ఏముందండీ? నేనూ తాయెత్తు కడితే మంత్రం చదివి ఊదే కడతాను. రేపు నా నోటిని కూడా ఇలాగే చూపిస్తారా?" అన్నారు. ఆయన అలా అంటారని నేను అనుకోలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, తేలిపోయింది అనుకున్నాను. గెలిచాం అనుకున్నాను కూడా, పిచ్చిదాన్ని.

గుడి కమిటీ పెద్దాయన గొంతు సవరించుకున్నారు. చాలా మర్యాదస్తుడు. "అమ్మగారు చెప్పింది నిజమేనండి. మాకెవరికీ అనుమానం లేదండి. కానీ ఇప్పుడు నిజం కాదండి కావాల్సింది, ఊరు చల్లబడడం. గొడవకి మూలం ఎక్కడుందో అక్కడ ఆపుకోవాలి" అన్నారు. ఇక రెండు వైపులవాళ్ళూ కూర్చుని, టీలు తాగి, ఒప్పందం రాసుకున్నారు. మసీదు ముందు స్పీకర్లు పెట్టరు. మసీదువాళ్ళు ఇకనుంచి బయటివాళ్ళెవరికీ ఊదరు. అందరికీ సమ్మతమేనా అంటే, అందరూ ఆయ్ అన్నారు.

"ఏమిటండీ ఇది? కొట్టినవాడికి ఏమీ లేదు, కోసినవాడికి ఏమీ లేదు, ఊదినవాడికి శిక్షా?" అని నేను అరిచాను. నిజంగానే అరిచాను, నా గొంతు మండపంలో తిరిగి నాకే వినబడింది. ఆఫీసరు గారు, "కూర్చోండమ్మా, అందరూ ఒప్పుకున్నదే కదా" అన్నారు. నేను మసీదు పెద్దాయన వైపు తిరిగాను. "మీరైనా వద్దనండి. అడిగొచ్చినవాళ్ళని తిప్పి పంపకూడదని మీరే కదండీ చెప్పేవారు!"

ఆయన లేచి నా దగ్గరికొచ్చి, మెల్లగా అన్నారు. "నిజమేనమ్మా, తిప్పి పంపడం పాపమే. మీరు చేసిన మాట సాయం మేం మర్చిపోం. కానీ రేపు ఇంకెవరో ఇంకో వీడియో తీస్తారు. అప్పుడు పగిలేది మా పిల్లల తలలే. మాకీ పుణ్యం వద్దమ్మా. మమ్మల్ని వదిలెయ్యండి."

మర్నాడు పేపర్లో రెండు వైపుల పెద్దలూ చేతులు కలుపుకున్న ఫొటో వేశారు. శాంతి వచ్చిందన్నారు. వచ్చింది కూడా, గొడవలేమీ జరగలేదు. పొద్దు గూకాక మసీదు ముందు ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సంగతి తెలియక పెంటపాడు నుంచి ఒక తల్లి జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని వచ్చింది. నమాజు అయిపోయి వచ్చినవాళ్ళు తలలు దించుకుని, ఆవిడని తప్పుకుంటూ పోయారు. ఆవిడ ఒక్కొక్కరి ముందుకీ పిల్లని చాపుతోంది. "లేదమ్మా, మానేశారు, వెళ్ళిపో" అన్నాడు కానిస్టేబులు. ఆవిడకి ఏమర్థమైందో గానీ, సీసా పట్టుకుని అలాగే బస్టాండు వైపు నడిచింది.

మావాడికి ఆ ఊరేగింపు రోజు దడుపు పట్టుకుంది. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుంటాడు. గ్లాసు కింద పెడితే ఉలిక్కిపడతాడు. రాత్రిళ్ళు లేచి "బుడ్డి, బుడ్డి" అని ఏడుస్తాడు. డాక్టరుగారు చూసి, భయమేమీ లేదు, మెల్లిగా పోతుందన్నారు. పోలేదు. "ఉఫ్ తాత దగ్గరికి" అని వాడు అడుగుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేనూ కోడలూ వాణ్ణి తీసుకుని ఆయన ఇంటికే వెళ్ళాం. కోడలు ఫోను ఇంట్లో వదిలేసి వచ్చింది.

తలుపు ఆయన భార్య తీసింది. మమ్మల్ని చూడకముందు వీధి అటూ ఇటూ చూసింది. లోపల మంచం మీద తాతగారు. పై పెదవి కుట్లతో ఒక పక్కకి లాక్కుపోయింది. ముందు పళ్ళు లేవు. ఖాళీ బుడ్ల పెట్టె ఒకటి మంచం కింద ఉంది. కోడలు ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. మీ తప్పేముందమ్మా అంటారనుకున్నాను. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా. ఆయన అనలేదు.

"ఎందుకు తీశారమ్మా?" అన్నారు. మాట స్పష్టంగా రావడం లేదు, పళ్ళ సందుల్లోంచి గాలి పోతోంది.

"పిల్లాడు నవ్వుతున్నాడని తీశానండి," అంది కోడలు.

"నవ్వేవాడు," అన్నారాయన.

నేను మీటింగు సంగతి చెప్పబోయాను. అందరూ విన్నారండీ, మీ మీద మచ్చ లేదని ఒప్పుకున్నారండీ అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. తెలుసన్నట్టు. ఒప్పందం సంగతి కూడా తెలుసు. నా చేతిలో సీసా చూశారు. నాకు సిగ్గేసింది. అడగకూడదని తెలుసు, అయినా అడిగాను. "దడుచుకున్నాడండీ. నిద్రపోవడం లేదు."

ఆయన భార్య, "వద్దు" అంది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "మళ్ళీ ఎవరైనా చూస్తే మేమెక్కడికి పోవాలమ్మా? ఈ ముసలాయనకి ఇంకేం మిగిలిందని?"

"చదువుతాను," అన్నారు తాతగారు, ఆవిడతోనే. "చదవడం వద్దని ఎవరూ రాయలేదుగా." లేచి మొహం కడుక్కుని వచ్చారు. టోపీ పెట్టుకున్నారు. కిటికీ తలుపు ఆవిడ వేసేసింది. నేను సీసా మూత తియ్యబోతే, "తియ్యకండమ్మా. మూత ఉంచండి" అన్నారు. భుజం మీది తువ్వాలు తీసి, నోటికీ ముక్కుకీ అడ్డంగా చుట్టుకుని, మెడ వెనక ముడి వేసుకున్నారు. ఎప్పుడూ తడిగా ఉండే ఆ తువ్వాలు ఎండిపోయి బిగుసుకుని ఉంది. అలా కట్టుకుని మావాడి ఎదురుగా కూర్చున్నారు, రెండు చేతుల దూరంలో.

మావాడికి ఇవేమీ పట్టలేదు. ఆయన అలా కూర్చోగానే నా చెయ్యి వదిలించుకుని ముందుకెళ్ళాడు. ఎప్పట్లాగే కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పైకెత్తి, నవ్వడానికి తయారుగా నిలబడ్డాడు. గుడ్డ వెనక ఆయన గొంతు కదులుతోంది. మాటలు వినబడడం లేదు. చదవడం అయిపోయింది. ఆయన అలాగే కూర్చుండిపోయారు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పారు.

"అయిపోయిందమ్మా. తీసుకెళ్ళండి," అన్నారు.

నేను వాడి భుజం పట్టుకున్నాను. వాడు కదల్లేదు. మొహం ఇంకా పైకే ఉంది.

"ఉండు నానమ్మా," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "ఉఫ్ ఇంకా రాలేదు."